అమ్మకం సోఫాలో మా అత్త

మార్చి 3

ఈ రోజు మా అత్త షాపుకొచ్చింది. వచ్చి ఊరుకుందా, సోఫాలో కూర్చుంది. మూడో మోడల్ రూములో అమ్మకానికి పెట్టిన బూడిదరంగు సోఫా. కాళ్ళు పైకి పెట్టుకుని మరీ కూర్చుంది.

దిండ్ల గలీబులు మారుస్తూ తలెత్తేసరికి ఎదురుగా ఉంది. ఇంట్లో ఏమన్నా అయిందేమోననుకున్నాను.

"ఏం లేదమ్మాయ్. ఇంట్లో ఫ్యాను గాలి రావట్లేదు. ఇక్కడ చల్లగా ఉంటుందన్నావుగా."

ఫ్యాను గాలి బ్రహ్మాండంగా వస్తోంది. పొద్దున నా జుట్టు రేగింది ఆ గాలికే.

స్టాఫు చుట్టాలు షాపులో తిష్ట వెయ్యకూడదని రూలు. ఇదివరకు గిన్నెల సెక్షన్లో ఒకాయన బావమరిది రోజూ వచ్చి మసాజ్ కుర్చీలో గుర్రు పెట్టేవాడట. బావమరిది నిద్రతో పాటు బావగారి ఉద్యోగం కూడా ఊడింది. అప్పుడు పెట్టారు రూలు. ఈ సంగతి అత్తకు చెబుదామని నోరు తెరిచేసరికి చిరునవ్వు సార్ అటే వస్తున్నాడు. మా మేనేజరు. రోజూ పొద్దున మమ్మల్ని వరసలో నిలబెట్టి నవ్వు ప్రాక్టీసు చేయిస్తాడు, తను మాత్రం నవ్వగా ఎవరూ చూడలేదు. నేను గబుక్కున నిటారుగా నిలబడి, "ఏం కావాలి మేడమ్?" అన్నాను.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత సార్‌ని చూసింది. ఆవిడకు విషయం అర్థం కావడానికి క్షణం పట్టలేదు.

"మంచినీళ్ళు" అంది.

తెచ్చిచ్చాను. అదే ఇంట్లో అడిగితే వంటింట్లో ఉన్నాయి తాగండి అనేదాన్ని.

మార్చి 4

మళ్ళీ వచ్చింది.

మార్చి 6

మా షాపులో ఇళ్ళుంటాయి. మూడు గోడల గదులు, నాలుగో గోడ ఉండాల్సిన చోట జనం. వాటిని సర్దడం నా పని. టీవీ అట్టది. పుస్తకాల్లో అట్టలే నిజం, లోపల థర్మకోల్. పళ్ళు ప్లాస్టిక్. కర్టెను లాగితే కిటికీ ఉండదు, గోడ ఉంటుంది. ఫోటో ఫ్రేముల్లో తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, ఒక కుక్క. హాల్లో వాళ్ళే, పడగ్గదిలో వాళ్ళే, బాత్రూము అల్మారా మీదా వాళ్ళే. కుక్కతో సహా అందరికీ పళ్ళు బాగున్నాయి.

అత్త ఈ రోజు ఆ ఫ్రేము చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "మొగుడి మొహం చూడు, ఇవాళో రేపో సూట్‌కేసు దించేట్టున్నాడు" అంది.

కస్టమర్లు జోకేస్తే నవ్వాలని రూలుంది. కాబట్టి నవ్వాను. రూలు ప్రకారం నవ్వాల్సిన దానికంటే ఎక్కువే నవ్వాను.

సాయంత్రం ఒకే బస్సులో ఇంటికి వచ్చాం, వేరువేరు సీట్లలో. బస్సులో కూడా తనని మేడమ్ అనమంటుందేమోనని భయం వేసింది.

మార్చి 8

మా మహానుభావుడు ఫోను చేశాడు. నాకు కాదు, వాళ్ళమ్మకు. ఆవిడకు చెవులు సరిగ్గా వినపడవని ఫోను స్పీకర్లో పెడుతుంది, కాబట్టి నేను వినలేదని చెప్పడానికి లేదు.

"నీకో గది సిద్ధం చేస్తున్నామమ్మా. వచ్చెయ్. ఇంకా అక్కడెందుకు?"

ఇంకా అక్కడెందుకట. ఏదో రైల్వే ప్లాట్‌ఫారమ్ మీద వదిలిపెట్టి వచ్చినట్టు.

తనని తాను వెతుక్కోవాలి అని చెప్పి వెళ్ళాడు పెద్దమనిషి. ఇంకో ఆవిడ ఇంట్లో దొరికాడు. వెళ్ళేటప్పుడు సూట్‌కేసు, షేవింగ్ మెషిను, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మంచి గొడుగు పట్టుకెళ్ళాడు. తల్లిని మర్చిపోయాడు. ఇన్నాళ్ళకు గుర్తొచ్చింది.

అత్త ఫోను పెట్టేసి నా వైపు చూసింది. నేను గిన్నెలు కడుగుతున్నాను.

"గది కడుతున్నాడట" అంది.

"మంచిదేగా."

"కిటికీ కూడా ఉందట."

"ఇంకేం మరి."

వెళ్తే వెళ్ళనీ. నాకేం? పొద్దున్నే లేచి ఆవిడ దగ్గు వినే పని తప్పుతుంది. పీడా విరగడవుతుంది. ఈ మాట రాస్తుంటే కూడా పక్కగదిలో దగ్గుతోంది. వేడినీళ్ళు ఇచ్చొస్తాను.

మార్చి 11

ఈ రోజు అత్త సోఫా అమ్మింది.

ఒక జంట వచ్చారు. ఏ జంటైనా మా షాపుకు పోట్లాడుకోవడానికే వస్తుంది. ఇంట్లో పోట్లాడుకుంటే పక్కింటివాళ్ళు వింటారు, ఇక్కడైతే కర్టెను రంగు అని పేరు పెట్టుకోవచ్చు. భర్త తివాచీ మీద కాలు పెట్టబోతుంటే అత్త సోఫాలోంచి, "అయ్యా, ఆ చెప్పులు కాస్త అక్కడ విప్పు నాయనా, ఆ పిల్ల ఇప్పుడే దులిపి వెళ్ళింది" అంది. అంత మగాడు నోరెత్తకుండా విప్పేశాడు. భార్యా విప్పింది. వచ్చి కూర్చున్నారు. నీకు నడుం నొప్పి ఎన్నాళ్ళనుంచమ్మా, నువ్వేం చేస్తుంటావు బాబూ, అని మొదలుపెట్టింది మా అత్త. గంటసేపు. వాళ్ళు పోట్లాట సంగతే మర్చిపోయారు. చివర్లో, "ఇది మాత్రం కొనకండి, కూర్చున్నాక లేవడానికి మనిషి సాయం కావాలి. ఆ పక్కది చూడండి" అంది. పక్కది రెట్టింపు ఖరీదు. కొన్నారు. దిండ్లు, తివాచీ, దీపం కూడా కొన్నారు. అట్ట టీవీని కూడా అడిగారు.

చిరునవ్వు సార్ దూరంనుంచి అంతా చూశాడు.

"మీ మూడో రూము ఈ మధ్య ఇల్లులా ఉంటోంది. ఏం చేశారు?"

"సర్దాను సార్."

"ఆ పెద్దావిడ రెగ్యులర్ కస్టమరా?"

"అవును సార్."

"ఇప్పటిదాకా ఏం కొన్నారు?"

"ఆలోచిస్తున్నారు సార్."

పరదాల అక్క పక్క సెక్షన్లో కర్టెను కప్పుకుని నవ్వింది. మొత్తం షాపులో సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఇది మాత్రం ఎలా దాచిందో ఆమెకే తెలియాలి.

మార్చి 14

ఇది రాయకుండా పడుకుందామనుకున్నాను. కుదరలేదు.

మధ్యాహ్నం అత్త ఈడావిడ ఒకామె దుప్పట్లు కొనడానికొచ్చి కాళ్ళు లాగి సోఫాలో కూర్చుంది. ఇద్దరూ కలిశారు. నేను పక్కనే నిలబడి కుషన్లు దులుపుతున్నాను. పొద్దున దులిపినవే.

"మీకు కోడలుందా?" అని అడిగింది ఆ దుప్పట్లావిడ.

"ఉంది. నోరు మంచిది కాదు."

"అందరి కోడళ్ళూ అంతేలెండి."

"అందరిలాంటిదేం కాదు" అంది మా అత్త, కాస్త కోపంగా. "నా కొడుకు దాన్ని వదిలేసి పోయాడు. పోయిన రోజు అది ఏడవలేదు. నా మోకాళ్ళకు మందు రాసింది. రాస్తూ, మీ కొడుకు ఒట్టి వెధవండీ అంది. నిజమే కదా, నేనేమంటాను? ఊ అన్నాను."

నేను అదే కుషన్ని మళ్ళీ దులిపాను.

"మరి మీరెక్కడుంటున్నారు?"

"దాని దగ్గరే. ఇప్పుడు వాడు రమ్మంటున్నాడు. కన్నకొడుకు కదమ్మా, ప్రాణం పీకుతుంది. కానీ ఆ పిల్ల ఉండమంటే ఉండిపోతాను. అది అనదు. నేనడగను."

"మీరే అడగొచ్చుగా?"

"ఏ మొహం పెట్టుకుని అడగను? నా కొడుకు చేసిన పనికి నాకింత అన్నం పెట్టడమే ఎక్కువ."

ఆ దుప్పట్లావిడ ముక్కు ఎగబీల్చింది. మా అత్త నా వైపు తిరిగి, "ఏమ్మాయ్, ఈ కుషను ఎంత?" అంది.

"ట్యాగు మీద ఉంది మేడమ్" అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక అన్నం పెట్టాను. తిన్నది. కూరలో ఉప్పు తక్కువైందని కూడా అనలేదు. నిజంగా తక్కువైంది.

మార్చి 15

ఈ రోజు అడుగుదామనుకున్నాను. కూర మాడింది. ఆ గొడవలో కుదరలేదు.

మార్చి 16

ఆదివారం షాపులో ఇసకేస్తే రాలదు. ఇంటికొచ్చేసరికి ఆవిడ పడుకుంది. పడుకున్న మనిషిని లేపి ఏం అడుగుతాం.

మార్చి 17

ఆవిడ లేచే ఉంది. నేనే పడుకున్నాను.

మార్చి 18

ఇదంతా నాటకమని నాకు తెలుసు. నిజం ఒక్కసారి రాసుకుని చించేస్తాను.

ఒకసారి ఒక మనిషిని ఉండమని అడిగాను. కాళ్ళావేళ్ళా పడ్డాను. అన్నీ విన్నాడు, తల ఊపాడు, ఆఖరికి సూట్‌కేసు జిప్పు ఇరుక్కుంటే నేనే లాగి పెట్టాను. థాంక్స్ అన్నాడు. మళ్ళీ ఆ మాట ఇంకొకరితో అనాలంటే నాకు భయం. ఆవిడ ఉంటానంటే సరే. ఉండనంటే? తల్లీకొడుకులిద్దరూ ఒకే ఇంట్లోంచి, ఒకే గుమ్మంలోంచి వెళ్తుంటే చూడాలా నేను?

చించలేదు. వెనకపేజీలో సరుకుల లెక్క ఉంది.

మార్చి 19

బాత్రూము సెక్షన్లో ఒక తండ్రి తన కొడుకును డిస్‌ప్లే కమోడ్ మీద కూర్చోబెట్టాడు. వాడు పని కానిచ్చాడు. దానికి పైపు లేదు, నీళ్ళు లేవు, ఏమీ లేదు. తండ్రి ఫ్లష్ నొక్కి, "పని చెయ్యట్లేదండీ ఇది" అని నాకే కంప్లైంటు ఇచ్చాడు. నేను నవ్వుతూ, "ఇది మోడల్ అండీ" అన్నాను. "అయితే బోర్డు పెట్టాలి కదా" అన్నాడు.

బోర్డు పెట్టాం. ఈ ప్రపంచంలో దేనికి బోర్డు అవసరమవుతుందో ముందుగా చెప్పలేం.

అత్తకు చెబితే కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. ఇద్దరం నవ్వాం. అప్పుడు అడగాల్సింది. నవ్వు చెడిపోతుందని ఊరుకున్నాను.

మార్చి 22

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఈ రోజు తెలిసింది.

మధ్యాహ్నం మంచాల సెక్షన్నుంచి పిలుపొచ్చింది, కస్టమర్లకు సింగిల్ మంచం చూపించమని. వెళ్ళాను. నా మహానుభావుడు, పక్కన ఆవిడ. ఆవిడను ఫోటోలో చూశానుగానీ ఎదురుగా చూడడం ఇదే. మామూలు మనిషే. చెప్పుకోదగ్గ వంక ఒక్కటీ దొరకలేదు, అదే బాధ.

ఆయన మొహం తేలు కుట్టిన దొంగలా అయిపోయింది. "నువ్వు... ఇక్కడా..." అన్నాడు. నేనెక్కడ పనిచేస్తానో పెళ్ళైనప్పట్నుంచి తెలుసు. ఈ షాపులో కాకపోతే ఊళ్ళో మంచాలు ఇంకెక్కడా దొరకవు కాబోలు.

"ఎవరికండీ మంచం?" అన్నాను. ఉద్యోగం ఉద్యోగమే.

"అమ్మకి" అన్నాడు.

"కాస్త ఎత్తుగా ఉన్నది తీసుకోండి. ఆవిడకు మోకాళ్ళు వంగవు" అన్నాను. ఆయన పక్కనున్నావిడ తల ఊపి ఫోనులో రాసుకుంది.

అంతటితో పోతే బాగుండేది. బిల్లింగుకు వెళ్ళాలంటే మూడో రూము మీదుగానే వెళ్ళాలి. వెళ్ళేసరికి అత్త సోఫాలో కూర్చుని ఎవరో ఇద్దరికి పిల్లల పెంపకం గురించి చెబుతోంది. కొడుకును చూసి మాట ఆపేసింది. వాడు తివాచీ ఎక్కబోయాడు.

"చెప్పులు" అంది.

వాడు విప్పాడు. నిజంగా విప్పాడు. వాడి పక్కనావిడ కూడా విప్పింది. అట్ట టీవీ ముందు, థర్మకోల్ పుస్తకాల మధ్య, మా కుటుంబమంతా చెప్పుల్లేకుండా చేరింది.

"అమ్మా, నువ్విక్కడేంటి?"

సరిగ్గా అప్పుడే చిరునవ్వు సార్ వచ్చాడు. ఆయనకు ఇలాంటప్పుడు రావడం ఎవరు నేర్పారో.

"మీకు తెలిసినవాళ్ళా?" అని నన్నడిగాడు. తప్పించుకునే దారి లేదు.

"ఆవిడ మా అత్తగారు సార్."

"ఈయన?"

"ఆవిడ కొడుకు."

"మరి ఈమె?"

"కస్టమర్ సార్."

సార్ కాసేపు లెక్కలు వేసుకున్నాడు. లెక్క తేలినట్టుంది, మొహం ఎర్రబడింది. నన్ను పక్కకు పిలిచి, ఉద్యోగం తియ్యట్లేదు, సోఫాలు అమ్ముడయ్యాయి కాబట్టి ఊరుకుంటున్నాను, రేపట్నుంచి ఆవిడ ఇక్కడ కనిపించకూడదు అన్నాడు.

తిరిగి వెళ్ళేసరికి అత్త లేచి నిలబడి ఉంది. వాడు, "రేపొచ్చి తీసుకెళ్తానమ్మా, మంచం కూడా కొన్నాం" అంటున్నాడు. అత్త నా వైపు చూసింది. అక్కడున్నవాళ్ళందరూ నా వైపే చూశారు. నేను సోఫా మీద ముడతలు సరిచేశాను.

"సరే, రా" అంది వాడితో.

మార్చి 23

తీసుకెళ్ళాడు.

సంచి నేనే సర్దాను. మందులు పైన పెట్టాను. అత్త గుమ్మం దగ్గర నిలబడింది.

"ఇంకేం లేవుగా?"

"లేవు అత్తయ్యా. అన్నీ పెట్టాను."

"కళ్ళజోడు?"

"మీ కళ్ళకే ఉంది."

"ఇంకేమన్నా చెప్పాలా?"

"వాళ్ళింట్లో గీజరు ఎలా పనిచేస్తుందో కనుక్కోండి. చేతులు కాల్చుకోకండి."

"అంతేనా?"

"అంతే అత్తయ్యా."

కింద వాడు హారన్ కొట్టాడు. వెళ్ళింది. కొడుకు ఇంటికి తల్లి వెళ్ళింది, ఇందులో చెప్పుకోవడానికేముంది.

మార్చి 24

హాయిగా ఉంది.

మార్చి 25

హాయిగా ఉంది. కాఫీ నాకిష్టమొచ్చినట్టు కలుపుకున్నాను. రెండు గ్లాసులు కలిపాను అలవాటు కొద్దీ. రెండూ నేనే తాగాను. నిద్ర పట్టలేదు, కాఫీ వల్లే.

మార్చి 27

అత్త లేని కోడలు ఉత్తమురాలట. పెద్దలు ఊరికే అనరు. ఇంట్లో నా అంత ఉత్తమురాలు లేదు. అసలు ఎవరూ లేరు.

మార్చి 29

మూడో రూములో ఎవరూ కూర్చోవడం లేదు. వస్తారు, ట్యాగు తిప్పి చూస్తారు, వెళ్తారు. చెప్పులతోనే తివాచీ తొక్కుతారు. ఈ రోజు ఒకాయన ప్లాస్టిక్ పండు కొరికి నా మీద అరిచాడు. అత్త ఉంటే కొరకనిచ్చేది కాదు.

చిరునవ్వు సార్ వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"మీ అత్తగారు ఎలా ఉన్నారు?"

"తెలీదు సార్."

"రావట్లేదేం?"

"మీరే వద్దన్నారు కదా సార్."

"అవుననుకోండి" అన్నాడు. ఏదో సర్దిచెప్పాలనుకున్నాడేమో, నవ్వడానికి ప్రయత్నించాడు. ఆయన ఎందుకు నవ్వడో అప్పుడర్థమైంది. మానేయమని చెబుదామనిపించింది.

మార్చి 31

ఫోను చేశాను. ఆవిడ ఎత్తి, "బాగున్నావా" అంది. "బాగున్నాను. మీరు?" అన్నాను. "బాగున్నా" అంది. స్పీకర్లో ఉందని తెలుసు. ఇద్దరం బాగున్నామని ఖాయం చేసుకుని పెట్టేశాం.

ఏప్రిల్ 1

భోజనాల వేళ గోడౌన్లో పరుపుల మీద కూర్చుని పరదాల అక్కకు అంతా చెప్పాను. ఏడుపు కూడా వచ్చింది. కొత్త పరుపు, పైన ప్లాస్టిక్ కవరుంది కాబట్టి సరిపోయింది.

"అడిగితే ఏమవుతుంది?" అంది అక్క.

"రానంటుందేమో."

"రానంటే ఏమవుతావు?"

"ఒక్కదాన్నే ఉంటాను."

"ఇప్పుడెంతమంది ఉన్నారు?"

ఈవిడ కర్టెన్లు అమ్ముకోకుండా నన్నెందుకు పట్టుకుందో.

ఏప్రిల్ 2

ఈ రోజు నాకు సెలవు. పొద్దున్నే బయల్దేరాను. బస్సులో ఏం మాట్లాడాలో వరసగా అనుకున్నాను. మొదట ఆరోగ్యం సంగతి అడగాలి, తర్వాత మెల్లగా ఇంటి సంగతి ఎత్తాలి, ఆవిడకు ఇష్టమైతేనే అని ముందే చెప్పాలి.

తలుపు మహానుభావుడే తీశాడు. నన్ను చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. తర్వాత మొహం బరువుగా పెట్టాడు. ఆ మొహం నాకు బాగా తెలుసు, గొప్ప మాటలు రాబోయే ముందు అలా పెడతాడు.

"నువ్వెప్పుడో ఇలా వస్తావని నాకు తెలుసు" అన్నాడు. "నాకు మాత్రం బాధ లేదనుకుంటున్నావా? కానీ మనం పరిణతితో ఆలోచించాలి. వెనక్కి రావడం ఇంక నావల్ల కాదు."

"నిన్నెవరు రమ్మన్నారు? జరుగు. అత్తయ్య కోసం వచ్చాను."

జరిగాడు. మొహం మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

ఇల్లంతా మా షాపు సరుకే. దీపానికి ట్యాగు కూడా తియ్యలేదు. లోపల గదిలో అత్త కొత్త మంచం అంచున కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు పిలుస్తాడని ఎదురుచూసే వాళ్ళలా. కిటికీ ఉన్న మాట నిజమే.

"ఏమిటమ్మాయ్ ఇలా వచ్చావు?"

బస్సులో అనుకున్నదంతా ఎగిరిపోయింది.

"ఇంటికి రండి" అన్నాను.

"దేనికి?"

"మీరు లేకపోతే నాకు బాగాలేదు. నాకు మీరు కావాలి."

గుమ్మంలో వాడున్నాడు, వాడి వెనక ఆ ఇంటావిడ ఉంది. అత్త వాళ్ళ వైపు ఒకసారి చూసి మళ్ళీ నన్ను చూసింది.

"నేను వీడి తల్లిని."

"తెలుసు."

"తెలుసంటే కాదు. నువ్వు వీణ్ణి తిడితే నేనూ తిడతాను. కానీ వీడు ఫోను చేస్తే పరిగెత్తి ఎత్తుతాను. జ్వరమొస్తే వచ్చి చూసుకుంటాను. ఎన్ని చేసినా నాకు వీడి మీద ప్రేమ పోదు. రోజూ నీ కళ్ళముందు అది చూడగలవా?"

అబద్ధం చెప్పొచ్చు. షాపులో రోజంతా అదే చేస్తాను.

"చూడలేను" అన్నాను. "అయినా రండి."

అత్త మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. మంచం ఎత్తు సరిగ్గానే ఉంది, సాయం అక్కర్లేకుండా లేచింది.

"అమ్మా, ఏంటిది?" అన్నాడు వాడు. "నీకోసం గది చేశాం, మంచం కొన్నాం. నువ్వెళ్ళిపోతే ఎలా?"

"నువ్వు వెళ్ళినప్పుడు ఎలా అని మేమడిగామురా? సర్దుకున్నాం. నువ్వూ సర్దుకో." అని వాడి చెంప మీద చెయ్యి పెట్టింది. కొడుతుందనుకున్నాను. నిమిరింది. నిమురుతూనే ఉంది. నేను కిటికీ వైపు చూశాను.

సంచి ఆ ఇంటావిడ సర్దింది. మందులు పైన పెట్టింది. నా చేతికిస్తూ, "సరిగ్గా నిద్రపోవట్లేదండీ ఇక్కడ" అంది మెల్లగా. ఆమెకు థాంక్స్ చెప్పాలని లేదు. చెప్పాను.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. అత్తను ఇంటికి తీసుకెళ్తున్నానని నాకు గాల్లో తేలినట్టుంది. రెండు స్టాపులు దాటాయో లేదో అత్త ఏడవడం మొదలుపెట్టింది. చిన్నగా కాదు, బస్సంతా వినేలా. "వాడు చిక్కిపోయాడమ్మాయ్, చూశావా" అంటుంది, మళ్ళీ ఏడుస్తుంది. వాడేం చిక్కలేదు. పొట్ట వచ్చింది. ఆ మాట అనలేదు. నన్ను వదిలేసి పోయినవాడి కోసం నా భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది, నేను ఆ తల జారిపోకుండా పట్టుకుని కూర్చున్నాను. కోపమొచ్చింది, జాలేసింది, నాకూ ఏడుపొచ్చింది. దేని తర్వాత ఏది వచ్చిందో చెప్పలేను.

ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి, "అయ్యో, ఏమైందమ్మా? మీకేమవుతారు ఈవిడ?" అని అడిగింది.

"మా అత్తయ్య" అన్నాను. గట్టిగానే అన్నాను.

అత్త తల ఎత్తింది. నా కర్చీఫు లాక్కుని గట్టిగా ముక్కు చీది, మడతపెట్టి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. పుచ్చుకున్నాను.